మెత్తని, శుభ్రమైన నూలు చీర

మంచాన పడిన మనిషి కింద పరచడానికి పాత నూలు చీరను మించింది లేదు. కొత్త గుడ్డ ఒరుసుకుంటుంది. పాలిస్టరు తడిని పీల్చదు. మందుల షాపులో అమ్మే ప్లాస్టిక్ పట్టాల మీద వీపు ఉడికిపోతుంది. ఏళ్ల తరబడి ఉతికి ఉతికి అరిగిన నూలు చీర అయితే ఒంటికి తెలియకుండా ఉంటుంది. మా చెల్లెలు వనజకు పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఈ తిరుపతి ఇంట్లో ఉన్న పాత చీరలన్నీ ఒక్కొక్కటిగా చింపి తన కింద వేస్తూ వచ్చాను. నావి అయిపోయాయి, తనవీ అయిపోయాయి. మొన్న పొద్దున అటక మీది రేకు పెట్టె దించి వెతికితే, అడుగున కలరా ఉండల వాసనలో అమ్మ చీర ఒకటి దొరికింది. ముదురు ఎరుపు, సన్నని పసుపు అంచు. మడత విప్పి, నేతపని చేసిన చెయ్యి కదా, తెలియకుండానే బొటనవేలు ఆనించి నిమిరాను. వేలికి చిన్న చిన్న ఉండలు తగిలాయి. ఆ చీర నేసింది నేను. ఆ ఉండలు మాత్రం వనజవి.

మాది నగరిలో నేతపని చేసే ఇల్లు. ముందు గదిలో రెండు గుంట మగ్గాలు ఉండేవి. ఒక గుంటలో నాయన, ఇంకో గుంటలో నేను. నేను మూడో తరగతిలో ఉండగా నా కాళ్లు గుంటలోని తొక్కుడు పలకలకు అందాయి. కాళ్లు అందినాక ఇక బడి మాట ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. తెల్లవారక ముందే వీధి పొడుగునా నిలువు పోగుల పడుగు పరిచి, ఇటు కొసన మావాళ్లు అటు కొసన ఎదురింటివాళ్లు నిలబడి, పోగుపోగుకూ గంజి పట్టేవాళ్లు. ఎండ ఎక్కేలోపల అది ఆరాలి. పులిసిన గంజి వాసన, అందులో కలిపిన కొబ్బరినూనె వాసన, పక్కనే పొయ్యి మీద ఉడికే రాగిసంగటి వాసన, మూడూ కలిసి ఒకటే వాసనగా మా బట్టల్లో, జుట్టులో ఉండిపోయేది. బడిలో పిల్లలు వనజ పక్కన కూర్చోవడానికి ముక్కు మూసుకునేవాళ్లట. అమ్మ సంగటి కెలుకుతూనే ఒక చెవి వీధిలో పెట్టి, గాలి మారితే చాలు, "మబ్బు పడతా ఉండాది, పడుగు ఎత్తండి" అని కేకేసేది. ఆమె మాట ఎప్పుడూ తప్పినట్టు నాకు గుర్తు లేదు.

రెండు మగ్గాల మధ్య గోడకు ఆనుకుని వనజ రాట్నం. తన పని కండెలు చుట్టడం. కండె అంటే వేలెడంత పుల్ల. దానికి నూలు చుట్టి నాడెలో పెడితే, నాడె అటూ ఇటూ పరిగెత్తినప్పుడల్లా ఆ నూలు గుడ్డలో అడ్డంగా పడుతుంది. చుట్టేటప్పుడు చెయ్యి ఒకే తీరున తిరగాలి. నడుమ ఆగితే ఆ చోట నూలు వదులవుతుంది. వదులైన నూలు నాడెలోంచి ఒక్కసారిగా జారి, గుడ్డలో చిన్న ఉండగా మెలిపడి కూర్చుంటుంది. దాన్ని విప్పడానికి లేదు.

వనజ పదో తరగతిలో అన్నీ పాసై ఇంగ్లీషులో తప్పింది. మా వీధిలో ఆడపిల్ల అంతదాకా రావడమే గొప్ప. నాయన ఏమీ తిట్టలేదు. ఒక పొద్దున ముగ్గుపిండి తీసుకుని, వనజ రాట్నం వేసుకుని కూర్చునే చోటే నేల మీద నలుపలకలుగా గీత గీశాడు. మూడో గుంట అక్కడ తవ్వుతాడన్న మాట.

"ఇంగో తూరి రాయి మే. ఈ తూరి కూడా తప్పితే దిగాల్సిందే" అన్నాడు.

వనజ ఆ గీత మధ్యలోనే రాట్నం పెట్టుకుని కూర్చుంది. ఇంకెక్కడ కూర్చుంటుంది, చోటు అదొక్కటే. పుస్తకం పట్టుకోవడానికి రెండు చేతులూ ఖాళీ లేవు. అందుకని బళ్లో అయ్యోరు చెప్పిన వాక్యాలను నోటికి తెచ్చుకుని, రాట్నం తిప్పుతూ వల్లె వేసేది. అది ఇంగ్లీషని తప్ప నాకు ఇంకేమీ తెలియదు. కానీ పొద్దంతా చెవిన పడే మాట పాటలా పట్టుకుంటుంది. "షీ వోర్ ఏ సాఫ్ట్, క్లీన్ కాటన్ శారీ." ఈ ఒక్క వాక్యం నాకు ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా వస్తుంది. సాఫ్ట్ అన్నాక గుక్క, ఆ తర్వాత క్లీన్ కాటన్ శారీ ఒకటే పరుగు. ఆ గుక్క దగ్గర వనజ నోటితోబాటు చెయ్యి కూడా ఆగేది.

నాయనకు ఒక అలవాటు. పొద్దు వాలే వేళ మగ్గం గుంటలోంచి లేచి, నేసినంత మేరా గుడ్డను వాకిటి వెలుతురుకు ఎత్తిపట్టి చూసేవాడు. నశ్యం పట్టే వేళ్లను పంచెకు తుడుచుకుని, బొటనవేలితో నిమిరేవాడు. ఆ రోజు నా మగ్గం మీది చీర చూస్తూ వేలు ఆపాడు. మళ్లీ నిమిరాడు.

"ఎవురు మే ఈ కండెలు సుట్టింది?"

"నేనే నాయనా" అంది వనజ.

"నిద్దరపోతా సుట్టినావా? సూడు, జానెడుకొక ఉండ పడి ఉండాది."

"నిద్దర కాదు నాయనా. సదువుతా సుట్టినా. ఆడ ఆగాల."

"యాడ?"

"సాఫ్ట్ అన్నాక ఆగాల. అయ్యోరు సెప్పినాడు. ఇంగ్లీషులో రెండు గుణాలు పక్కపక్కన వస్తే మద్దెలో కామా పెట్టల్ల."

నాయన గుడ్డ వదిలిపెట్టి గడప మీద కూర్చున్నాడు. కోప్పడతాడనుకున్నాను. "ఏందది, తెలుగులో సెప్పు" అన్నాడు.

వనజ లేచి నిలబడి, అయ్యోరికి ఒప్పజెప్పినట్టే చెప్పింది. "మెత్తని చీర. శుభ్రమైన చీర. రెండూ చీరకే సెందినాయి నాయనా. ఏది ముందు సెప్పినా సరిపోతాది. మెత్తగానూ ఉండాది, శుభ్రంగానూ ఉండాది అన్నా సరిపోతాది. అట్లా ఉంటే మద్దెలో కామా."

"మళ్ల నూలు?"

"నూలు చీర ఒకటే వస్తువు. నూలు శుభ్రమైన చీర అంటామా?"

"అనం" అన్నాడు నాయన. "అంటే తోబుట్టువుల మద్దెన ఎడం ఉండాల. మొగుడూ పెళ్లాం మద్దెన ఉండగూడదు. అంతే కదా?"

లోపలి నుంచి అమ్మ అంది, "ఇంగ్లీషోడు మీ ఇంటికి వచ్చి సూసి ఉంటే ఆ మాట మార్చి రాసి ఉంటాడు."

నాయన నవ్వడం నేను చూసింది తక్కువ. ఆ రోజు నవ్వాడు. తర్వాత గుడ్డ మళ్లీ నిమిరి, వనజను రాట్నం దగ్గర కూర్చోబెట్టి, "ఆగేది ఆగు. ఆగినప్పుడు నూలును వేళ్లతో బిగబట్టుకో, వదలబాక" అని చూపించాడు. చదవడం మానమని అనలేదు. తను తలాడించింది. మర్నాడు మళ్లీ మరిచింది. గుక్క మీద ధ్యాస పెడితే వేళ్లు వదులవుతాయి, వేళ్లను తలుచుకుంటే గుక్క తప్పుతుంది. నేను నేస్తూ ఉంటే ఆ ఉండ వచ్చే ముందే నాకు తెలిసిపోయేది, నాడె ఒక్క రవ్వ బరువుగా కదిలేది. ఆపి, తెంచి, ముడేసి ఉండవచ్చు. కానీ పక్కన తను అంత గట్టిగా చదువుతూ ఉంటే నాకు ఆపబుద్ధి కాలేదు. చీర అలాగే పూర్తయింది. నూలు ఇచ్చిన షావుకారు విప్పి చూసి, మడిచి వెనక్కి ఇచ్చాడు. అమ్మ దాన్ని కట్టుకుంది. "ఇది సదువుకున్న సీర" అని వీధిలో అందరికీ చెప్పేది. కట్టుకుని పడుగుకు గంజి పట్టేది, సంగటి కెలికేది, ఆ కొంగుతోనే వనజకు చెమట తుడిచేది.

ఆ తూరి వనజ పాసయింది. ఆ కబురు వచ్చిన రోజు అమ్మ పేడ తెచ్చి ముందు గది అంతా అలికింది. ముగ్గుపిండి గీత దాని కింద పోయింది. మూడో గుంట మా ఇంట్లో ఎప్పటికీ తవ్వలేదు. ఉన్న రెండు గుంటలే పూడ్చుకోవాల్సి వచ్చిందనుకోండి, అది తర్వాతి మాట. పక్క వీధిలో కరెంటు మగ్గాల చప్పుడు మొదలయ్యాక మా నాడెల చప్పుడు మాకే వినిపించేది కాదు.

వనజ తిరుపతిలో చదివి, చంద్రగిరిలో ఇంగ్లీషు టీచరయింది. పెళ్లి చేసుకోలేదు. నా ఇంటాయన పోయినాక నేను వచ్చి తనతోనే ఉన్నాను. నాకు కూడబలుక్కుని చదవడం మాత్రమే వచ్చేది, ఇలా నాలుగు మాటలు రాసే తెలుగు వనజ నేర్పిందే. ఇంగ్లీషు నేర్పుతానంటే మాత్రం నేను ఒప్పుకోలేదు. "నాకొక వాక్యం వచ్చు కదే, చాలు" అనేదాన్ని. తను లోకంలో ఏ తప్పునైనా క్షమిస్తుంది, కామాను తప్ప. బస్సులో పోతూ బోర్డులు చదివి గొణిగేది. ఒకసారి బస్టాండు దగ్గర హోటలు మీద 'హాట్, ఫిల్టర్, కాఫీ' అని రాసి ఉందట. వద్దంటున్నా వినకుండా లోపలికి పోయి, గల్లా పెట్టె దగ్గరి ఆయనకు పాఠం మొదలుపెట్టింది. ఫిల్టర్ కాఫీ ఒకటే వస్తువు, దాన్ని విడగొట్టకూడదు, వేడి అన్నాక కూడా ఆపక్కరలేదు అని.

ఆయన అంతా విని, "మేడం, కాఫీ బాగుండాదా లేదా, అది సెప్పండి" అన్నాడు.

"కాఫీ బాగుండాది. బోర్డు బాగలేదు" అంది వనజ.

"బోర్డు ఎవురు తాగతారు మేడం" అన్నాడాయన. నేను నవ్వితే దారి పొడుగునా నాతో మాట్లాడలేదు. కామాను పట్టించుకోని మనుషుల జాబితాలో నన్ను కూడా కలిపింది. అయినా ఆ హోటలు దాటినప్పుడల్లా తల తిప్పి చూసేది, మార్చారేమో అని. మార్చలేదు.

ఇప్పుడు ఆ మనిషికి ఒకే ఒక మాట మిగిలింది. పక్షవాతం కుడి చేతినీ కుడి కాలినీ పట్టుకుంది, దానితోపాటే మాటను కూడా తీసుకుపోయింది. అన్నీ పోయి "మంచి" అన్నది ఒక్కటే ఎందుకు నిలిచిందో డాక్టరుకే తెలియదు. నీళ్లు తాగుతావా అంటే మంచి. నొప్పిగా ఉందా అంటే మంచి. గుడ్డలు తడిసి, ముఖం గోడ వైపు తిప్పుకుని ఏడుస్తూ కూడా మంచి. మంచి ఏమిటి, మంచి నీళ్లా, మంచి రోజా, మంచి చావా? దాని వెనక రావాల్సిన మాట రాదు. పక్కన పెట్టడానికి ఇంకో గుణమూ లేదు.

మాటలు నేర్పే పిల్ల ఒకతె వారానికి కొన్ని రోజులు వచ్చి బొమ్మలు చూపిస్తుంది. చిన్న వయసు, ఓపిక ఉన్న పిల్ల. "ఇదేంది మేడం? ఎర్ర బంతి. మీరు చెప్పండి" అంటుంది. వనజ బంతిని కాదు, ఆ పిల్ల నోటిని చూస్తుంది. ఒక రోజు పోతూ పోతూ ఆ పిల్ల నాతో అంది. "పెద్దమ్మా, బాగా పాత మాటలు, నోట్లో నానినవి, ఒక్కోసారి లోపల ఉండిపోతాయి. పాటలు, పద్యాలు, చిన్నప్పటివి. ఏదైనా గుర్తుంటే మీరు మొదలుపెట్టి సగంలో ఆపి చూడండి. మిగతాది ఆమె పూర్తి చేయవచ్చు."

అలాంటిది నా దగ్గర ఒకటి ఉంది. ఆ పిల్ల పోగానే స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చున్నాను. పరీక్ష నాదయినట్టు అనిపించింది.

"షీ వోర్ ఏ సాఫ్ట్" అన్నాను. ఆగాను.

వనజ కళ్లు నా వైపు తిరిగాయి. పెదవులు కదిలాయి. నేను చెయ్యి గాలిలో రాట్నం తిప్పినట్టు తిప్పి, మళ్లీ అన్నాను. "సాఫ్ట్." చెయ్యి ఆపాను. తను నా చేతినే చూసింది. ఆ గుక్కలో కూర్చుని ఎంతసేపు కాచుకున్నానో. క్లీన్ అనే ఆ ఒక్క మాట వస్తే చాలు, మిగతా రెండూ దాని వెనకే పరిగెత్తుకు వస్తాయని నాకు నమ్మకం, ఎప్పుడూ అలాగే వచ్చాయి కనుక.

"మంచి" అంది.

మర్నాడు, ఆ మర్నాడు కూడా అంతే. అన్నం తినిపించినాక, తల దువ్వుతూ, వీపు తుడుస్తూ అదే వాక్యం, అదే చోట ఆపడం. అప్పుడు నాకు ఇంకొక ఉపాయం తోచింది. తను ఒప్పును మరిచినా, తప్పును సహించే మనిషి కాదు కదా. నిద్రపోతున్నా ఎవరైనా తప్పు చదివితే లేచి దిద్దే మనిషి. కావాలనే తలకిందులు చేసి, ఆగకూడని చోటల్లా ఆగి చదివాను. "షీ వోర్ ఏ కాటన్, క్లీన్ సాఫ్ట్, శారీ."

కనుబొమ ముడిపడుతుందేమోనని చూశాను. బాగున్న ఎడమ చెయ్యి మంచం పట్టె మీద కొడుతుందేమోనని చూశాను. హోటలాయనను చూసినట్టు ఒక్కసారి నన్ను చూస్తే చాలనుకున్నాను. తిట్టకపోయినా పరవాలేదు, ఆ చూపు చాలు.

వనజ నెమ్మదిగా తలాడించింది. "మంచి" అంది. ముఖం ఎంతో ప్రశాంతంగా ఉంది. అప్పుడు తెలిసింది నాకు, తను ఇక తిరిగి రాదని. మాట పోయినందుకు కాదు, తప్పు తప్పులా వినిపించనందుకు. పక్కింట్లో మూడేళ్ల పిల్లకు ఇంగ్లీషు రైములు నేర్పుతున్నారు, గోడ అవతలి నుంచి పొద్దంతా వినిపిస్తాయి. వనజ దగ్గర చదువుకున్నవాళ్లు ఫోన్లో పంపే మాటలు ఆ పిల్ల తల్లి నాకు చదివి వినిపిస్తుంది. చుక్క లేదు, గీత లేదు, ఒక మాటను ఇంకో మాట తోసుకుంటూ ఉంటుందని ఆమే నవ్వుతుంది. నగరిలో మా ఇంటిని కొన్నవాళ్లు మేం పూడ్చిన గుంటల మీద నున్నటి బండలు పరిచారు. అక్కడ ఒకప్పుడు మనిషి నడుము లోతున దిగి కూర్చునేవాడని ఆ బండల మీద నడిచేవాళ్లకు తెలియదు. ముగ్గుపిండి గీత చెరిగినందుకు ఆ రోజు మేమందరం పండగ చేసుకున్నాం. తను దిగకుండా తప్పించుకోవాల్సిన గుంట అదొక్కటే అనుకున్నాం.

చీర దొరికింది ఆ తర్వాతే. చింపే ముందు ఒక్కసారి, ఆశ కాదు, ఊరికే, తన ఎడమ చేతి బొటనవేలు పట్టుకుని గుడ్డ మీద ఆనించాను. ఒక ఉండ దగ్గర వేలు ఆగింది. ఇంకా ముందుకు జరిపాను. నున్నటి చోట కూడా ఆగింది. ఎక్కడ వదిలితే అక్కడే ఆగుతోంది, వదిలేసిన చెయ్యి ఎక్కడైనా ఆగుతుంది.

కింద గుడ్డ అప్పటికే తడిసింది. మార్చాలి. అమ్మ చీరను రెండు చేతులతో పట్టుకుని, పంటితో అంచు కొరికి చింపడం మొదలుపెట్టాను. నేతగుడ్డను అడ్డంగా చింపితే నూలు వరస వెంబడి నేరుగా పోతుంది. పాతది కనుక సులువుగానే పోయింది. నడుమ ఉండ వచ్చిన చోట చిరుగు ఒక్క రవ్వ ఆగింది. నేను బిగించి లాగాను. మళ్లీ పోయింది. ఇంకొంచెం దూరాన మళ్లీ ఆగింది.

ఆ చప్పుడుకు వనజ ఇటు తిరిగింది. చిరుగును చూసి, నన్ను చూసి, "మంచి" అంది.

ఇంకో ముక్క చింపాను.